43 ఏళ్లకు మొదటి మంచు ట్రెక్, ఒక్కదాన్నే వెళ్తున్నా. టాయిలెట్, పీరియడ్స్ సంగతి తెలిసిన అక్కలు చెప్పండి

బెజవాడ వాకర్ అడిగారు:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, వయసు 43. ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. మంచులో నడవాలని చిన్నప్పటి నుంచీ కోరిక. ఇన్నాళ్లకు కుదిరింది. డిసెంబర్ ఆఖరి వారంలో ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ ట్రెక్‌కి వెళ్లాలని నిర్ణయించుకున్నాను. మా వారికి మోకాలికి సర్జరీ అయింది, రాలేరు. "నువ్వు వెళ్లిరా, పాపను నేను చూసుకుంటా" అన్నారు. స్నేహితురాళ్లు ముందు ఉత్సాహంగా ఊ అన్నారు కానీ, చలిలో టెంట్‌లో పడుకోవాలనేసరికి ఒక్కొక్కరే తప్పుకున్నారు. కాబట్టి డెహ్రాడూన్ దాకా ఒక్కదాన్నే, అక్కడి నుంచి ముక్కూమొహం తెలియని గ్రూపుతో.

ట్రెక్ నిర్వాహకులు పంపిన కాగితాల్లో బూట్లు ఎలాంటివి కొనాలి, ఎన్ని పొరల బట్టలు వేసుకోవాలి, అన్నీ ఉన్నాయి. నాకు కావలసిన రెండు విషయాలు మాత్రం లేవు. ఫోన్ చేసి అడిగితే అవతలి అబ్బాయి "టాయిలెట్ టెంట్లు ఉంటాయి మేడమ్, ప్రాబ్లమ్ ఏమీ ఉండదు" అని పెట్టేశాడు. రెండోది ఆ అబ్బాయిని అడగడానికి నాకు నోరు రాలేదు. ఇక్కడ అడుగుతున్నాను. లెక్క ప్రకారం నాకు సరిగ్గా ఆ వారంలోనే పీరియడ్స్ వస్తాయి. మంచులో, నీళ్లు లేని చోట ఎలా సర్దుకోవాలి? వాయిదా వేసే మాత్రలు వేసుకోవచ్చా?

ఇంకో టెన్షన్ కూడా ఉంది. పోయిన నెల రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 10.2 వచ్చింది. అంత ఎత్తుకి అది సరిపోతుందా? ప్రాక్టీసుకు ప్రస్తుతం రోజూ పొద్దున బ్యారేజీ వైపు గంటసేపు నడుస్తున్నాను. అత్తగారు "ఈ వయసులో ఇదేం సరదా" అంటున్నారు. ఆవిడకు ఏం చెప్పాలో నేను చూసుకుంటాను, మీరు నా ప్రశ్నలకు జవాబు చెప్పండి చాలు.

తిరుపతి టీచరమ్మ:

చెల్లెమ్మా, నాకు 52. జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. కేదార్‌కంఠ ఎక్కాను, ఉత్తరాఖండ్‌లోనే ఉన్న పూల లోయకు వెళ్లాను, ఇంకా వెళ్తాను. నువ్వు అడిగిన రెండు ప్రశ్నలే అసలు ప్రశ్నలు. బూట్ల గురించి ఎవరైనా చెబుతారు. వీటి గురించి చెప్పేవాళ్లు లేకే చాలామంది ఆడవాళ్లు ఇల్లు కదలడం లేదు. అందుకే వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు టాయిలెట్ టెంట్ ఎలా ఉంటుందో చెబుతా. మనిషి ఎత్తున సన్నగా నిలబెట్టిన గుడ్డ డేరా, ముందు ఒక జిప్పు. లోపల పొడుగ్గా తవ్విన గొయ్యి. పక్కనే తవ్వితీసిన మట్టి కుప్ప, అందులో గుచ్చిన చిన్న పార. మనిషి కూర్చోడానికి సరిపోతుంది, తిరగడానికి సరిపోదు. నీళ్లుండవు, పేపరే. పని అయ్యాక పారతో మట్టి వేసి రావాలి. తడి వైప్స్ వాడితే గోతిలో వేయకూడదు, అవి మట్టిలో కలిసిపోవు, కవర్లో వేసుకుని మనతోపాటు కిందికి తీసుకురావాలి. రాత్రిపూట జిప్పు మంచుకు బిగుసుకుపోతుంది. గ్లౌజుతో లాగితే రాదు. గ్లౌజు తీసి, జిప్పు పిడిని రెండు వేళ్ల మధ్య కాసేపు పట్టుకుని వెచ్చబడ్డాక మెల్లగా లాగాలి. తలకు కట్టుకునే లైటు తప్పనిసరి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కదా. మొదటి రాత్రే టెంట్‌లో ఉన్న తోటి ఆడవాళ్లతో ఒక మాట అనుకోండి: ఎవరికి అవసరమొచ్చినా ఇంకొకరిని లేపాలి, లేపినందుకు ఎవరూ విసుక్కోకూడదు. మా టెంట్‌లో ముగ్గురం అలాగే చేశాం. బయట ఒకరు లైటు పట్టుకుని నిలబడితే లోపలి మనిషికి ఎంత ధైర్యమో.

పగలు నడిచేటప్పుడు దారి చాలావరకు అడవిలోనే. దేవదారు, పైన్ చెట్లు దట్టంగా ఉంటాయి, చాటుకు లోటు లేదు. శిఖరం ఎక్కే రోజు మాత్రం పైన అంతా తెల్లటి బయలు. ఆ రోజు కోసం మోకాళ్ల కిందికి వచ్చే పొడవాటి వదులు కుర్తీ ఒకటి జాకెట్ లోపల వేసుకో. కూర్చుంటే చుట్టూ తెరలా పడుతుంది. ప్యాంటు నాడా కట్టుకునేది వద్దు, ఎలాస్టిక్‌ది తీసుకో. చలికి మొద్దుబారిన వేళ్లతో ముడి విప్పడం నరకం. నీటి వాగులకు, చెరువుకు బాగా దూరంగా వెళ్లాలి, ఆ నీళ్లే కింద ఊళ్లవాళ్లు తాగేది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. నీళ్లు తాగడం మానొద్దు.

మన ఆడవాళ్లందరికీ చిన్నప్పటి నుంచీ ఒక అలవాటు ఉంది. బస్సు ఎక్కే ముందు నీళ్లు మానేస్తాం. పెళ్లికి వెళ్లినా, బడికి వెళ్లినా, దారిలో ఎక్కడ ఉంటుందో ఏమో అని ముందే గొంతు ఎండగట్టుకుంటాం. మా స్కూల్లో ఆడపిల్లలు పొద్దున తెచ్చిన నీళ్ల సీసా సాయంత్రం అలాగే ఇంటికి తీసుకుపోతుంటే నా కడుపు తరుక్కుపోతుంది. ఊళ్లో అయితే మూత్రంలో మంటతో పోతుంది. కొండ మీద అలా కాదు. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పొడిగా ఉంటుంది, ఊపిరి ఎక్కువగా తీస్తాం, ఒంట్లో నీళ్లు మనకు తెలియకుండానే పోతాయి. పైగా చలికీ, ఎత్తుకీ మూత్రం మామూలుకంటే ఎక్కువ వస్తుంది. అది రోగం కాదు, ఒళ్లు ఎత్తుకు అలవాటు పడుతోందనే గుర్తు. దానికి భయపడి నీళ్లు మానేస్తే తలనొప్పి, వికారం మొదలవుతాయి. ఎత్తు పడకపోతే వచ్చే లక్షణాలూ అవే. ఇది నీళ్లు లేక వచ్చిందా, ఎత్తువల్ల వచ్చిందా అని గైడ్ తేల్చుకోలేడు. తేల్చుకోలేనప్పుడు కిందికి దించేయడమే అతని ధర్మం.

మా బ్యాచ్‌లో హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. మారథాన్‌లు పరిగెత్తే పిల్ల, మా అందరికంటే ముందు నడిచేది. దారిలో జూడా కా తాలాబ్ అనే చెరువు దగ్గర క్యాంపు వేశాక ఆమె సీసా చూశాను. పొద్దున నడక మొదలుపెట్టే ఊరు సాంక్రిలో నింపింది, సాయంత్రానికి మెడ దాకా అలాగే ఉంది. "ఏమ్మా" అంటే "ఆ టెంట్‌లోకి వెళ్లలేనక్కా" అంది. రాత్రికి తల పట్టుకుని కూర్చుంది. తాగిన సూప్ వాంతి అయింది. గైడ్ వేలికి ఆక్సీమీటర్ పెట్టి ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూసి, ఓఆర్‌ఎస్ కలిపి గుక్క గుక్కగా తాగించాడు. పొద్దునకు కొంచెం తేరుకుంది కానీ పైకి పంపడానికి ఒప్పుకోలేదు, ఒక మనిషిని తోడిచ్చి సాంక్రికి దించేశారు. ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు నాకు ఇంకా గుర్తుంది. కాళ్లలో బలం లేక కాదు ఆమె వెనక్కి వెళ్లింది, సిగ్గుతో. ఆ సిగ్గు ఆమెకు ఎవరు నేర్పారో తలుచుకుంటే నాకు కోపం వస్తుంది.

అందుకని రోజుకు మూడు లీటర్లు తగ్గకుండా తాగు. రాత్రి పడుకునే ముందు సీసాలో వేడినీళ్లు పోయించుకుని, మూత గట్టిగా బిగించి, ఉన్ని సాక్స్ తొడిగి స్లీపింగ్ బ్యాగ్‌లో పాదాల దగ్గర పెట్టుకో. పాదాలు వెచ్చగా ఉంటాయి, పొద్దునకు గడ్డకట్టని నీళ్లు చేతిలో ఉంటాయి.

పీరియడ్స్‌కి నేను వాడేది ప్యాడ్లే. ఒక్కో ప్యాడ్‌కి ఒక న్యూస్‌పేపర్ ముక్క ఇంట్లోనే కత్తిరించి పెట్టుకుంటాను. వాడినది అందులో చుట్టి చిన్న జిప్ కవర్లో, ఆ కవర్లన్నీ కలిపి బయటికి కనబడని మందపాటి నల్ల కవర్లో. అందులో గుప్పెడు పొడి టీ పొడి వేస్తే వాసన లాగేస్తుంది. బ్యాగ్ పక్క జేబు దానికే కేటాయించు, డెహ్రాడూన్ వచ్చాక పారేయొచ్చు. గోతిలో వేయొద్దు, కాల్చొద్దు. వైప్స్ ప్యాకెట్ జాకెట్ లోపల ఒంటికి తగిలేలా పెట్టుకో, బయట పెడితే పలకలా గడ్డకడుతుంది. రాదనుకున్న నెలలో కూడా తీసుకెళ్లు. ఎత్తుకు, చలికి, ప్రయాణానికి తేదీలు ముందూ వెనకా అవుతాయి.

ప్యాడ్‌కి బదులు లోపల పెట్టుకునే మెన్‌స్ట్రువల్ కప్ వాడేవాళ్లు అదే సుఖం అంటారు. కానీ ట్రెక్‌లో మొదటిసారి ప్రయత్నించొద్దు. కావాలంటే ఈ నెల నుంచే ఇంట్లో మొదలుపెట్టు, డిసెంబర్‌కి చేయి తిరుగుతుంది.

ప్రాక్టీసుకు చదును నేల మీద నడక సరిపోదు. నీకు మంగళగిరి దగ్గరే కదా, పానకాల స్వామి మెట్లు ఎక్కు. గుణదల కొండ ఎక్కు. వీపు మీద నాలుగైదు కిలోల బ్యాగ్ పెట్టుకుని ఎక్కు, దిగడం కూడా మెల్లగా ప్రాక్టీస్ చెయ్యి. మోకాళ్లు దెబ్బతినేది దిగేటప్పుడే. నేను శ్రీవారి మెట్టు ఎక్కుతాను. 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల చిల్లర. ఆగకుండా, మాట్లాడుతూ ఎక్కగలిగిన రోజున నాకు నా మీద నమ్మకం కుదిరింది.

కర్నూలు స్టాఫ్ నర్స్:

టీచర్ గారు బాగా చెప్పారు. నేను హిమోగ్లోబిన్, మాత్రల సంగతి చెబుతాను. ప్రసూతి వార్డులో పనిచేస్తాను, రోజూ చూసే విషయమే.

మేడమ్, 10.2 తక్కువే. గర్భం లేని ఆడవాళ్లకు 12 ఉండాలి. 11 కంటే తగ్గితే ఓ మోస్తరు రక్తహీనత కింద లెక్క. మీరొక్కరే కాదు, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ 15–49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా మందికి ఎంతో కొంత రక్తహీనత ఉందని తేలింది. పైన గాలిలో ఆక్సిజన్ తక్కువ, దాన్ని మోసుకెళ్లే హిమోగ్లోబిన్ కూడా తక్కువైతే ఆయాసం త్వరగా వస్తుంది. ఇప్పుడు సెప్టెంబర్, మీకు మూడు నెలల టైముంది. ఈ వారమే డాక్టర్‌ని కలవండి. ఎందుకు తగ్గిందో తెలుసుకోవాలి. 43లో బ్లీడింగ్ ఎక్కువ అవుతుంటే గర్భసంచిలో ఫైబ్రాయిడ్స్ అనే గడ్డలు ఉన్నాయేమో, థైరాయిడ్ ఉందేమో చూడాలి. ఐరన్ మాత్ర వేసుకున్న గంట రెండు గంటల వరకూ టీ, కాఫీ తాగొద్దు, నిమ్మరసంతో వేసుకోండి. మా వార్డులో చాలామంది మాత్ర వేసుకుని వెంటనే టీ తాగుతారు, అందులో సగం ఐరన్ ఒంటికి పట్టదు. నవంబర్ చివర్లో మళ్లీ పరీక్ష చేయించుకుని, డాక్టర్ సరేనంటేనే బయల్దేరండి.

వాయిదా మాత్రల గురించి. వ్రతాలకీ గృహప్రవేశాలకీ మన ఇళ్లలో మెడికల్ షాపులో అడిగి కొని వేసేసుకుంటారు, చీటీ కూడా ఉండదు. అవి హార్మోన్ మాత్రలు. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, కొన్ని రకాల మైగ్రేన్ ఉన్నవాళ్లు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు వేసుకోకూడదు. నలభై దాటాక, కొండ మీదికి వెళ్లేటప్పుడు, అదీ నీళ్లు తక్కువ తాగే అలవాటుంటే ఇంకా జాగ్రత్త. ట్రెక్ అని చెప్పి, ఎంత ఎత్తో చెప్పి, గైనకాలజిస్ట్‌ని అడగండి. వద్దంటే వద్దు. టీచర్ గారు చెప్పిన కాగితం పొట్లాల పద్ధతికి సైడ్ ఎఫెక్ట్స్ లేవు.

ఇంకో మాత్ర డయామాక్స్. ఎత్తుకు అలవాటు పడటానికి ఇస్తారు. సల్ఫా మందులు పడనివాళ్లు తప్పకుండా ముందే డాక్టర్‌కి చెప్పాలి. వేళ్ల చివర్లు చిమచిమలాడతాయి, మూత్రం ఎక్కువ వస్తుంది. ఆ రెండోదాని భయంతో కొందరు ఆడవాళ్లు మాత్ర దాచేసి వేసుకున్నామని చెబుతారు. దయచేసి అలా చేయకండి. వేసుకుంటే వేసుకున్నారని, లేకపోతే లేదని గైడ్‌కి నిజం చెప్పండి.

గుంటూరు రైడర్:

మేడమ్, ఆడవాళ్లు వెళ్లకూడదనే రకం కాదు నేను. బైక్ మీద లద్దాఖ్ వెళ్లొచ్చాను, ఆ దారుల్లో ఒంటరిగా బండి నడుపుతున్న అమ్మాయిల్ని చూశాను. కానీ మొదటిసారే ఒక్కరే వెళ్లడం ఎందుకని నా సందేహం. మీ వారి మోకాలు నయమయ్యాక వచ్చే ఏడాది ఇద్దరూ కలిసి వెళ్లొచ్చు కదా. తెలియని మనుషులతో టెంట్, రాత్రి ప్రయాణాలు, సిగ్నల్ ఉండదు. ఏదైనా జరిగితే మన మనిషి ఒకరు పక్కన ఉంటే ఆ ధైర్యమే వేరు.

తిరుపతి టీచరమ్మ:

తమ్ముడూ, నువ్వు మంచి మనసుతోనే అడిగావు, నేనూ సూటిగానే చెబుతాను. వచ్చే ఏడాది అనే మాట మా తరం ఆడవాళ్లు వింటూనే ఉన్నారు. పిల్లల పరీక్షలయ్యాక, పెళ్లయ్యాక, పురుడయ్యాక. ఆ లోపు మా మోకాళ్లు అయిపోతాయి.

పూల లోయలో ఒక సమాధి ఉంది. జోన్ మార్గరెట్ లెగ్ అనే ఇంగ్లీషు వృక్షశాస్త్రవేత్తది. అక్కడి మొక్కల నమూనాలు సేకరించడానికి 1939లో వచ్చింది. అప్పటికి ఆమె వయసు 54. కూలీల్ని పెట్టుకుని, లోయలో డేరా వేసుకుని పనిచేసింది. జులైలో ఒక నిటారు వాలు మీద మొక్కలు సేకరిస్తూ కాలు జారి పోయింది. తర్వాత ఆమె అక్కచెల్లెళ్లలో ఒకరు వచ్చి ఆ రాయి పెట్టించారు. నేను జీవశాస్త్రం చెప్పేదాన్ని కాబట్టి ఆ రాయి దగ్గర చాలాసేపు కూర్చున్నాను. పుట్టిన తేదీ, పోయిన తేదీ వేలితో తడిమి చూశాను, నా వయసుతో లెక్క కట్టుకున్నాను. ఆమె పోయింది వాలు మీద కాలు జారి. పక్కన మొగుడు లేకపోవడం వల్ల కాదు. కొండ మీద చంపేవి వాలు, చలి, వాతావరణం. వాటికి ఆడా మగా తేడా లేదు, వాటి నుంచి కాపాడేది మంచి గైడ్, మంచి బూట్లు, వెనక్కి తిరగమంటే తిరిగే బుద్ధి. చెల్లెమ్మ మొగుడు వచ్చినా ఇవి కావాల్సిందే.

మనుషుల భయం నిజమే, దాన్ని కొట్టిపారేయను. దానికి చేయవలసినవి ఉన్నాయి. చెల్లెమ్మా, డబ్బు కట్టే ముందు ఫోన్ చేసి అడుగు: బ్యాచ్‌లో ఇంకా ఎంతమంది ఆడవాళ్లున్నారు, ఆడవాళ్లకు విడిగా టెంట్ ఇస్తారా, ట్రెక్ లీడర్ ఎవరు, అతనికి ఏ శిక్షణ ఉంది, మహిళా లీడర్ దొరుకుతుందా, ఆక్సిజన్ సిలిండర్ వెంట ఉంటుందా, మధ్యలో ఎవరికైనా బాగాలేకపోతే ఎవరు తోడు దిగుతారు. జవాబు నసిగితే ఇంకొకరిని చూసుకో. ఇప్పుడు ఆడవాళ్లే ఉండే బ్యాచ్‌లు కూడా నడుపుతున్నారు. మొదటిసారి కాబట్టి అది దొరికితే మంచిదే.

విజయవాడ నుంచి రైల్లో ఢిల్లీ, అక్కడి నుంచి పగటిపూట నడిచే డెహ్రాడూన్ శతాబ్ది పట్టుకో. ఆ రాత్రి డెహ్రాడూన్‌లో స్టేషన్‌కి దగ్గరగా గది తీసుకుని పడుకో. ట్రెక్ బండ్లు తెల్లవారుజామునే బయల్దేరతాయి. ముస్సోరీ, నౌగావ్, పురోలా, మోరి మీదుగా సాంక్రి చేరేసరికి పది గంటల దాకా పడుతుంది. మలుపులకు వాంతులవుతాయి, మాత్ర ఉంచుకో. బండి ఆపిన ప్రతి ధాబాలో టాయిలెట్‌కి వెళ్లు, ఆపకపోతే ఆపమని అడుగు. అక్కడి నుంచే నీళ్లు తాగడం మొదలుపెట్టాలి.

ఇంట్లోవాళ్లకు ఒక మాట ముందే చెప్పు: సాంక్రి దాటాక మళ్లీ సాంక్రికి దిగేదాకా ఫోన్ ఉండదనే అనుకోవాలి. ఏ రోజు ఏ క్యాంపు, గైడ్ నంబర్, ఆఫీసు నంబర్ కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించు. ఒక్కరోజు ఫోన్ రాకపోతే ఇక్కడ దేవుళ్లకు మొక్కులు మొదలవుతాయి. ఆ టెన్షన్ వాళ్లకూ వద్దు, నీకూ వద్దు.

భువనగిరి పిల్ల:

అక్కా, నేను 26. భువనగిరి కోట బండ మీద రాక్ క్లైంబింగ్ నేర్చుకుని, తర్వాత ఉత్తరకాశీలో నెహ్రూ పర్వతారోహణ సంస్థలో బేసిక్ కోర్సు చేశాను. 28 రోజుల కోర్సు, ఆడవాళ్లకు విడి బ్యాచ్ కూడా పెడతారు. మీరు వెళ్తున్న కేదార్‌కంఠ ఆ ఉత్తరకాశీ జిల్లాలోనే. ఎవరెస్ట్ ఎక్కిన మొదటి భారతీయ మహిళ బచేంద్రీ పాల్ గారి ఊరు నాకురీ కూడా ఆ జిల్లాలోదే. ఆవిడ 1984లో ఎక్కారు. మా భువనగిరి బండ మీదే తాళ్లు పట్టుకోవడం మొదలుపెట్టిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ మీద నిలబడేనాటికి ఆమెకు 14 ఏళ్లు కూడా నిండలేదు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటూ వెళ్లింది. మీ అత్తగారు వయసు ఎక్కువంటున్నారు, ఆమె విషయంలో వయసు తక్కువ అన్నవాళ్లు ఉండే ఉంటారు.

మా సంస్థలో శిక్షకురాలిగా పనిచేసిన సవితా కంస్వాల్ గారి పేరు కూడా చెప్పాలి. 2022 మేలో 16 రోజుల తేడాతో ఎవరెస్ట్, మకాలు శిఖరాలు రెండూ ఎక్కారు. అదే ఏడాది అక్టోబర్ 4న ద్రౌపదీ కా డాండా అనే శిఖరం మీద శిక్షణ బృందంతో ఉండగా మంచు చరియ విరిగిపడి పోయారు. ఆ రోజు పోయినవాళ్లలో చాలామంది నేర్చుకోవడానికి వెళ్లిన పిల్లలే. ఉత్తరకాశీలో ఆవిడ పేరు ఎత్తితే ఇప్పటికీ జనం చేస్తున్న పని ఆపి మాట్లాడతారు. మీరు వెళ్లేది అలాంటి శిఖరం కాదు, మీది దారి ఉన్న కొండ, 12,500 అడుగులు. అయినా గైడ్ వాతావరణం చూసి వద్దంటే వాదించకండి. అంతే చెప్పదలుచుకున్నాను.

బ్యాగ్ గురించి ఒక్కటి. మగవాళ్ల కొలతకు చేసిన బ్యాగ్ మనకు వీపు మీద పొడుగు ఎక్కువ అవుతుంది, బరువంతా భుజాల మీద పడి మెడ పట్టేస్తుంది. ఆడవాళ్ల కొలతది అడగండి, లేదా వీపు పొడుగు మార్చుకునే రకం తీసుకోండి. షాపులో ఖాళీ బ్యాగ్ వేసుకుని అద్దంలో చూసుకోవద్దు. ఆరేడు కిలోలు నింపించి, నడుము బెల్టు తుంటి ఎముకల మీద కూర్చునేలా ముందు అది బిగించి, తర్వాత భుజం పట్టీలు బిగించండి. భుజం పట్టీ కింద వేలు దూరాలి. బరువు తుంటి మోయాలి. ఛాతీ దగ్గర అడ్డంగా వచ్చే చిన్న బెల్టు పైకీ కిందికీ జరిగేది చూడండి, కొన్ని బ్యాగుల్లో అది సరిగ్గా మనకు నొప్పి పెట్టే చోటే వస్తుంది.

బెజవాడ వాకర్:

అక్కలకు, చెల్లికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. రైడర్ గారూ, మీ ఆదుర్దా అర్థమైంది, థాంక్స్. నా నిర్ణయం మారలేదు.

నిన్న డాక్టర్‌కి చూపించుకున్నాను. స్కాన్‌లో చిన్న ఫైబ్రాయిడ్ ఉందన్నారు, కంగారు లేదట. ఐరన్ మొదలుపెట్టారు, నవంబర్‌లో మళ్లీ రమ్మన్నారు. వాయిదా మాత్రలు నాకు వద్దన్నారు. సరే, కాగితం పొట్లాలే. ట్రెక్ వాళ్లకు మళ్లీ ఫోన్ చేసి టీచరక్క రాసిన ప్రశ్నలన్నీ కాగితం చూసి చదివాను. ఈసారి ఇంకొకావిడ మాట్లాడింది. మా బ్యాచ్‌లో ఇప్పటిదాకా ఐదుగురు ఆడవాళ్లు చేరారట, టెంట్ విడిగా ఇస్తారట. ఆవిడే అడిగింది, "పీరియడ్స్ తేదీ ఎప్పుడు మేడమ్, లీడర్‌కి చెప్పి ఉంచుతాం" అని. నాకు సగం బరువు దిగింది.

అత్తగారి సంగతి కూడా చెప్పాలి. ఆదివారం మంగళగిరి మెట్లు ఎక్కుతానంటే తనూ కొండ కింద దాకా వచ్చారు. నేను దిగి వచ్చేసరికి కొబ్బరి నీళ్లు కొని పట్టుకుని కూర్చున్నారు. తను పెళ్లైన కొత్తలో అలిపిరి నుంచి నడిచిన సంగతి, మోకాళ్ల మిట్ట దగ్గర మామగారు కూలబడితే తనే చేయి పట్టి ఎక్కించిన సంగతి ఇంటికొచ్చేదాకా చెప్పారు. ఇన్నేళ్లలో నాకు ఎప్పుడూ చెప్పలేదు.

టీచరక్కా, ఇంకొక్క ప్రశ్న. బూట్ల కింద బిగించుకునే ముళ్ల గొలుసులు, కాళ్లకు తొడిగే గేటర్లు కొనాలా, అక్కడ దొరుకుతాయా?

తిరుపతి టీచరమ్మ:

మీ అత్తగారికి నా నమస్కారం చెప్పు. ఇక్కడ శేషాచలంలో తుంబురు తీర్థానికి ఫాల్గుణ పౌర్ణమికి జనం రాళ్లూ వాగులూ దాటి గుంపులుగా నడుస్తారు. వచ్చే ఏడు మీ ఇద్దరూ రండి, మా ఇంట్లో దిగండి.

కొనొద్దు. ముళ్ల గొలుసులు, గేటర్లు చాలామంది నిర్వాహకులే ఇస్తారు, అడిగి నిర్ధారించుకో. ఇవ్వకపోతే సాంక్రిలో అద్దెకు దొరుకుతాయి. అద్దెకు తీసుకునేటప్పుడు అక్కడే మన బూటుకి తొడిగి నాలుగడుగులు వేసి చూడు, రబ్బరు వదులైనవి అంటగడతారు. బూట్లు మాత్రం సొంతంగా కొనుక్కో, అదీ ఇప్పుడే. మందం సాక్స్ వేసుకుని సాయంత్రం పూట షాపుకి వెళ్లు, సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి. బొటనవేలి ముందు వేలెడు ఖాళీ ఉండాలి, లేకపోతే దిగేటప్పుడు గోళ్లు నల్లబడతాయి. కొన్నాక ఆ బూట్లతోనే మంగళగిరి మెట్లెక్కు. గుడి దగ్గర ఎలాగూ విప్పాలి కాబట్టి కింద చెప్పుల స్టాండ్‌లో పెట్టకుండా పైదాకా వేసుకెళ్లి, అక్కడ విప్పు.